బొట్టు పెట్టి పిలిచిన క్లిక్కులు

బందరులో గిల్టు నగలు చేసేవాళ్ళకు కొదవ లేదు గానీ, కూచిపూడి నాట్యానికి కట్టుకునే జడ చెయ్యాలంటే ధనమ్మే చెయ్యాలని చిలకలపూడిలో పేరు. ఒక్కో బిళ్ళలో ఎర్రరాళ్ళు చేత్తో పొదిగి, బిళ్ళకూ బిళ్ళకూ మధ్య సన్నటి కొక్కెం వేస్తుంది. ఆడపిల్ల తల తిప్పితే జడ కూడా ఒళ్ళు విరుచుకుని తిరుగుతుంది. అచ్చులో పోసిన జడయితే వీపున స్కేలుబద్ద కట్టినట్టుంటుంది. కాకపోతే అచ్చుజడలు రోజుకు నలభై వస్తాయి. ధనమ్మ జడ నాలుగు రోజులకు ఒక్కటి.

ఈ రెండు రకాలూ అమ్మేది శ్రీనివాసరావుగారి కొట్టు. ఆయన 2008లో ముచ్చటపడి ఒక వెబ్‌సైటు పెట్టించారు. దాన్ని చూసుకునే పనికి సాయిదుర్గను పెట్టుకున్నారు. సాయిదుర్గది గిలకలదిండి. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి సత్యవతమ్మ చేపలు అమ్ముతుంది. పిల్ల డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ప్రతి శనివారం సైటులో ఏ నగ బొమ్మ మీద ఎంతమంది క్లిక్ చేశారో కాగితం మీద తీసి సారుకు ఇవ్వడం ఆమె పని.

సంక్రాంతి వెళ్ళిన వారం శ్రీనివాసరావుగారు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీశారు.

"అచ్చుజడ నూట నలభై, ధనమ్మ జడ పదిహేడు. ఇదేంటమ్మాయ్?"

"ఆ జడ ఖరీదు ఎక్కువండీ. చూసేవాళ్ళే తక్కువ."

"అయితే ఇంక ఎందుకు? ఉగాది నుంచి అది ఆపేద్దాం. ధనమ్మని అచ్చుజడలకి రంగులద్దే పనిలో పెట్టుకుందాం. ఇంకో నాలుగు వారాలు చూడు, చూసి చెప్పు."

ముప్ఫై ఏళ్ళుగా రాళ్ళు పొదిగిన చెయ్యి కుంచె పట్టుకుని బద్దలకు రంగు పూయడం సాయిదుర్గ ఊహించుకోలేకపోయింది. సత్యవతమ్మ చేపల తట్ట దించుకునే ఇళ్ళలో ధనమ్మది మొదటిది. దుర్గ చిన్నప్పుడు తల్లి వెంట వెళ్ళి, ఆ ఇంటి అరుగు మీదే అక్షరాలు దిద్దింది. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆ అరుగు దగ్గర ఆగి, ఉన్నమాట చెప్పేసింది.

"నీ జడ మీద క్లిక్కులు రావట్లేదు పిన్నీ."

"క్లిక్కంటే?"

"బొమ్మ చూసి నచ్చితే దానిమీద నొక్కుతారు. ఎంతమంది నొక్కారో అక్కడ పడిపోద్ది."

"అంతేనా!" అని ధనమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఆ మాత్రం దానికి మొహం అలా పెట్టుకొచ్చావేంటే?"

ఆ మాటకు అర్థం మూడో వారంలో తెలిసింది. శనివారం పొద్దున్నే కాగితం తీస్తే ధనమ్మ జడకు నాలుగువందల ముప్ఫై ఒకటి! సాయిదుర్గ తప్పు పడిందేమోనని మళ్ళీ తీసింది. మళ్ళీ అంతే. ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే శ్రీనివాసరావుగారు భుజం మీదుగా చూసేశారు.

"అదీ! నేను అనుకుంటూనే ఉన్నాను. బంగారం లాంటి చెయ్యి, ఊరికే పోతుందా? రెండొందల జడలు చేయించేద్దాం. సోమవారం రాళ్ళకి ఆర్డర్ పెడతాను. నువ్వు అప్పటికి రిపోర్టు శుభ్రంగా రాసి ఇవ్వమ్మాయ్."

ఆయన కూనిరాగం తీసుకుంటూ వెళ్ళారు. సాయిదుర్గకు మాత్రం కుదురు లేదు.

గిలకలదిండి రేవులో పడవ ఒడ్డుకు రాగానే సత్యవతమ్మ మొదట చేసే పని ఏరడం. చందువలు ఒక తట్టలో, రొయ్యలు ఒక తట్టలో, చిల్లర చేపలు ఒక తట్టలో. అన్నీ కలిపి తూస్తే బరువు తెలుస్తుంది గానీ వేట ఎలా పడిందో తెలియదు. కంప్యూటరులో కూడా అలా ఏరే వీలుంది, దాన్నే సెగ్మెంటు అంటారు. ఏరినదాన్ని దేంతో కొలుస్తామో అది మెట్రిక్. ఇన్నాళ్ళూ సారు అడిగింది మొత్తం క్లిక్కులే గనక, ఆమె కూడా వలలో పడ్డదంతా ఒకే తట్టలో పోసి తూచి ఇస్తూ వచ్చింది.

ఇప్పుడు ఊళ్ళవారీగా ఏరింది. నాలుగువందల ముప్ఫై ఒకటిలో నాలుగువందల తొమ్మిది బందరువి. అన్నీ బుధ, గురువారాలు పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య పడ్డవి. ఒక్కో మనిషి ఆ పేజీలో ఆగింది ఎనిమిది సెకండ్లు.

ఎనిమిది సెకండ్లలో ఎవరూ జడ చూడరు. దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతారు.

బందరులో అంతమంది ఒకే వేళకు నొక్కాలంటే అది నెట్ సెంటరులోనే అవుతుంది. మధ్యాహ్నం కోనేరు సెంటరు పక్కనున్న నెట్ సెంటరుకు వెళ్ళింది. దాన్ని నడిపే కాంతారావు ఆమెను చూడగానే నవ్వాపుకోలేకపోయాడు.

"పెళ్ళివారు దిగినట్టు దిగారండీ మీవాళ్ళు! చిలకలపూడి ఆడవాళ్ళంతా. వేలు ఇక్కడ పెట్టండమ్మా, నొక్కండమ్మా అని రెండ్రోజులు నా గొంతు పోయింది. ఒకావిడయితే మౌసుకి బొట్టు కూడా పెట్టింది."

"ఎవరు పంపారండీ?"

"ధనమ్మగారు ఇంటింటికీ కుంకంభరిణె పట్టుకెళ్ళి బొట్టు పెట్టి పిలిచారంట. బొట్టు పెట్టి పిలిస్తే రాకుండా ఉంటారా?"

సాయిదుర్గ నవ్వింది. నెట్ సెంటరు మెట్లు దిగేసరికి ఆ నవ్వు పోయింది. నిజం చెబితే ధనమ్మ జడ ఉగాదికి ఆగిపోతుంది. చెప్పకపోతే రెండొందల జడలు కొట్లో పడి నల్లబడతాయి. ఆ తరవాత ఆ చేతికి ఎవరూ పని ఇవ్వరు. రంగులద్దే పని కూడా.

ధనమ్మ అరుగు మీద సన్న చిమటాతో రాయి పట్టుకుని బిళ్ళలో కూర్చోబెడుతోంది.

"ఎన్నొచ్చాయే?" అంది తలెత్తకుండానే, గొంతులో సంబరం దాచుకోకుండా.

"నాలుగొందల ముప్ఫై ఒకటి. అందులో నాలుగొందల తొమ్మిది మనవాళ్ళవే పిన్నీ. అవి తీసెయ్యాలి."

చిమటా ఆగింది. "తీసెయ్యడమేంటి? పాపాయమ్మ మోకాళ్ళ నొప్పులతో రిక్షా ఎక్కి వెళ్ళి నొక్కింది. మావాళ్ళ వేళ్ళు వేళ్ళు కావా?"

"కాదనట్లేదు. కానీ వాళ్ళు జడ కొనరు కదా."

"వాళ్ళెందుకు కొంటారే? వాళ్ళకి కావాలంటే నేనే ఊరికే ఇస్తాగా!"

చెప్పిన మాట తన చెవిన తానే విన్నట్టు ధనమ్మ చేతిలోని రాయిని తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"సారు రెండొందల జడలు చేయిస్తానంటున్నారు" అంది దుర్గ. "అమ్ముడు పోకపోతే మాట పడేది నువ్వు. నేను సోమవారం ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను పిన్నీ."

"చెప్పుకో" అని ధనమ్మ రాళ్ళ పళ్ళెం కొంగు కింద పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఇచ్చే మజ్జిగ ఆ పూట ఇవ్వలేదు.

ఆదివారం కొట్టుకు సెలవు. సాయిదుర్గ తాళం అడిగి తీసుకుని వచ్చి కూర్చుంది. బందరు తీసేశాక మిగిలింది ఇరవై రెండు. ఆ ఇరవై రెండే ఆమెకు తట్టలో మిగిలిన అసలు చేపల్లా కనిపించాయి. వాటిని మళ్ళీ ఏరింది. ఏ మాట వెతుక్కుంటూ వచ్చారో చూసింది: చిన్నపిల్లల నాట్యం జడ, ఎనిమిదేళ్ళ పాపకు జడ. ఆగిన సమయం చూసింది: నాలుగు నిమిషాలు, ఆరు నిమిషాలు. అప్పుడు, ఎప్పుడూ సారు అడగని ఒక లెక్క తీసింది. బొమ్మ కింద 'వివరాలు అడగండి' అన్న బటన్ ఎంతమంది నొక్కారు? అచ్చుజడ చూసిన నూట యాభైమందిలో ముగ్గురు. ధనమ్మ జడ చూసిన ఇరవై రెండుమందిలో తొమ్మిదిమంది.

తొమ్మిదిమంది అడగబోతే ఒక్క ఉత్తరమైనా రాలేదేం? తనే ఆ బటన్ నొక్కి చూసింది. ఫారం వచ్చింది. మొదటి గడిలో పేరు, రెండో గడిలో 'మీ షాపు పేరు'. అది నింపనిదే ముందుకు పోదు. శ్రీనివాసరావుగారు పుట్టి బుద్ధెరిగాక షాపులవాళ్ళకే సరుకు వేశారు. కొనేవాడికి షాపు లేకుండా ఉంటుందని ఆయనకు తట్టలేదు. బిడ్డ అరంగేట్రానికి జడ వెతుక్కునే తల్లి షాపు పేరు ఎక్కడ తెస్తుంది? తొమ్మిదిమందీ ఆ గడి దగ్గరే వెనక్కి తిరిగారు.

సోమవారం ఊళ్ళవారీ లెక్కా, బటన్ లెక్కా రెండు కాగితాల మీద సారు ముందు పెట్టి, బొట్టు సంగతితో సహా అంతా చెప్పింది. ఏదీ దాచలేదు. శ్రీనివాసరావుగారి మొహం ముందు ఎర్రబడింది.

"నాలుగొందలమందిని పిలిచిందా? పక్కనే ఉన్న నన్ను పిలవలేదే!" అన్నారు. తరవాత కాగితం తిప్పి చాలాసేపు చూశారు. "ఆ గడి నేను పెట్టించిందే."

"అవునండీ."

"సర్లే, తీసెయ్. రాళ్ళ ఆర్డరు లేదు, రెండొందలూ లేవు. ఆపడమూ లేదు. ఉగాది దాకా ఎవరైనా రాస్తే చేద్దాం, రాయకపోతే నన్ననొద్దు."

గడి తీసేసింది. మొదటి వారం ఏమీ రాలేదు. ధనమ్మ వీధిలో కనబడితే తలాడించి వెళ్ళిపోయేది. రెండో వారం గురువారం ఒక ఉత్తరం వచ్చింది. గుడివాడలో నాట్యం నేర్పే రత్నకుమారి అనే ఆవిడ రాసింది. ఆమె దగ్గర ఆరుగురు చిన్నపిల్లలున్నారు. అచ్చుజడలు కట్టి ఆడిస్తే పిల్లల వీపులు గీరుకుపోతున్నాయి. ఒంగే జడలు, పిల్లల కొలతకు చేస్తారా?

సాయిదుర్గ ఆ కాగితం పట్టుకుని అరుగు దగ్గర నిలబడింది. ధనమ్మ చదివించుకుంది. మళ్ళీ చదవమంది.

"గుడివాడలో మనకెవరూ లేరే" అంది.

"లేరు పిన్నీ."

"మరి ఈవిడ నన్నెలా కనుక్కుంది?"

"బొమ్మ చూసింది. ఆరు నిమిషాలు చూసింది."

ధనమ్మ పైట చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

"చిన్నపిల్లల జడంటే బిళ్ళలు తగ్గించాలి. వెడల్పూ తగ్గాలి. కొలత రాసి పంపమంటే ఒక్కత్తీ సరిగ్గా పంపదు. మనమే వెళ్దాం. ఆదివారం నీకు సెలవేగా?"

ఆదివారం ఇద్దరూ పొద్దున్నే గుడివాడ బస్సెక్కారు. రత్నకుమారిగారి మేడ మీద ఆరుగురు ఆడపిల్లలు వీపులు ఇటు పెట్టి బారుగా కూర్చున్నారు. ధనమ్మ ఒక్కొక్కరి జడా చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర నుంచి కొస దాకా పురికొస పెట్టి ముడివేస్తోంది. చివరి పిల్ల కితకితలకు మెలికలు తిరిగిపోయింది.

"కదలకే తల్లీ" అంది ధనమ్మ. ఆ పిల్ల మరింత నవ్వింది. ధనమ్మ కొలత తప్పిపోయింది. విసుక్కోకుండా మళ్ళీ మెడ దగ్గర నుంచి మొదలుపెట్టింది.