కిటికీలో ఇల్లు

నేను ఒక ఇంటిని. కంగారు పడకండి, అరచేతిలో ఇమిడే ఇంటిని. ఎర్రటి కప్పు, తెల్లటి గోడలు, రెండు కిటికీలు, ఒక పొగగొట్టం, అన్నీ ఉన్నాయి. తలుపు మాత్రం లేదు. నన్ను చెక్కిన వడ్రంగి మరిచిపోయాడో, ఎవరు చూడొచ్చారులే అని బద్ధకించాడో నాకు తెలియదు. నాలో ఎవరూ ఏనాడూ కాపురం చెయ్యలేదు. అయినా ఒక ఊరి మగవాళ్లంతా టోపీలు తీసి నాకు దండం పెట్టిన రోజులున్నాయి.

స్పెయిన్ దేశానికి ఉత్తరాన, కాంటాబ్రియా సముద్రం ఒడ్డున, కొండ సందులో ఇరుక్కున్న పెన్యరోంకా అనే జాలరి పల్లె మాది. పడవలకు పూయగా మిగిలిన రంగునే అక్కడ ఇళ్లకు పూసేవారు. అందుకే కిటికీ రెక్కలు చూసి, ఆ ఇంటివాళ్ల పడవ ఏదో చెప్పేయొచ్చు. నా కప్పు మీది ఎరుపు కూడా ఏదో పడవకు పూయగా మిగిలిందే. రాళ్లకు కొట్టుకుని పగిలిన ఒక పడవ పలకలోంచి వడ్రంగి మమ్మల్ని ఇద్దరినీ చెక్కాడు, నన్నూ, ఒక బుల్లి పడవనూ. ఒకే పలకకు పుట్టాం కాబట్టి మేం తోబుట్టువులం. మాకు ఒకరంటే ఒకరికి పడదన్నది వేరే సంగతి. వాడికి తెరచాప పెట్టారు, పేరు రాశారు. ఒక్కసారి కూడా నీళ్లు తగలని వాడికి అంత మిడిసిపాటు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

మా ఇద్దరి పనీ ఒకటే. వాతావరణం అనుమానంగా ఉన్న ఉదయం, కొండ మీది కావలి గదిలో పడవలు నడిపే సరంగులంతా కలిసేవారు. జాలరుల సంఘం పెద్ద మమ్మల్ని పెట్టెలోంచి తీసి, పొడవాటి బల్లకు ఈ చివర నన్నూ, ఆ చివర వాడినీ పెట్టేవాడు. వేటకు వెళ్దామనే సరంగు పడవ పక్కన నిలబడాలి. వద్దనేవాడు నా పక్కన నిలబడాలి. నోరు విప్పకూడదు. ఎటువైపు మంది ఎక్కువ ఉంటే ఆ బొమ్మను పెద్ద కిటికీలోంచి చూపించి గంట కొట్టేవాడు. పడవను చూపిస్తే ఊరంతా ఉరుకులు పరుగులు. నన్ను చూపిస్తే ఒక్క తెడ్డు కూడా నీళ్లలో పడకూడదు. తొందరపడి ముందే బయల్దేరినవాళ్లు కూడా వెనక్కి తిరగాల్సిందే. కిటికీ వంక చూసి సరంగు టోపీ ఎత్తితే, సరే, కట్టుబడతాను అని అర్థం.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మనుషులు ఎంత మంచి కట్టుబాటుకైనా ఒక వెటకారాన్ని తగిలించకుండా ఉండలేరు. నా పక్కన నిలబడ్డాక ఆ రోజు తుఫాను రాకపోతే, మర్నాడు ఆ సరంగు తలుపుకు ఆడవాళ్లు నడుముకు కట్టుకునే ఏప్రన్ వేలాడుతుండేది. ఎవరు కట్టారని అడగకూడదు. సాయంత్రం దాకా విప్పకూడదు. నా మాట విన్నవాళ్లంతా ప్రాణాలతో ఇంటికొచ్చారు. అందుకు వాళ్లకు దక్కిన సన్మానం అది!

అలా ఏప్రన్ కట్టించుకున్నవాళ్లలో తెల్మో ఒకడు. నిదానస్తుడు, మాట తక్కువ మనిషి, మంచి సరంగు. ఆ వసంతంలో ఒక మబ్బు పట్టిన ఉదయం నా పక్కన నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఎండ ఫెళ్లున కాసింది. మర్నాడు అతని నీలం తలుపుకు ఏప్రన్ వేలాడింది. బ్రౌలియో అనే మరో సరంగు దాన్ని చూసి వీధి చివర దాకా నవ్వుకుంటూ పోయాడు. తెల్మో ఆ తరువాత కావలి గదిలోకి వచ్చినప్పుడల్లా నా వంక చూడటం మానేశాడు. నాకు కష్టంగానే అనిపించింది.

తెల్మో భార్య నికాసియా. ఉప్పులో ఊరేసిన నెత్తళ్లను తట్టలో పెట్టుకుని, నెత్తిన మోస్తూ కొండ ఊళ్లలో అమ్మేది. కావలి గదిని ఊడ్చేది కూడా ఆవిడే. ఊడ్వడానికి తప్ప ఆడవాళ్లకు ఆ గదిలో అడుగుపెట్టే హక్కు లేదు.

ఇప్పుడు అసలు రోజు గురించి చెబుతాను. జూలై నెల. జాలర్లు కొలిచే కార్మెన్ మాత పండుగ దగ్గరపడింది. ఆ రోజు పడవలకు పూలూ జెండాలూ కట్టి, మాత విగ్రహాన్ని సముద్రం మీద ఊరేగిస్తారు. అంతకు ముందు వానల వల్ల పడవలు కదల్లేదు. ట్యూనా గుంపులు ఒడ్డుకు దగ్గరగా వచ్చాయన్న కబురు విని మగవాళ్లకు చేతులు దురద పెడుతున్నాయి. ఆ ఉదయం తెల్లారుతూనే వెచ్చగా ఉంది. దక్షిణపు గాలి పొయ్యి పక్కన కూర్చున్నట్టు మొహాన కొడుతోంది. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. చూసినవాళ్లంతా ఎంత మంచి రోజో అన్నారు.

ఊడ్వడానికి వచ్చిన నికాసియా మాత్రం కిటికీ దగ్గర చీపురు పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ తండ్రి ఇలాంటి మంచి రోజునే సముద్రంలో పోయాడు. ఇలాంటి రోజుల్లో దక్షిణపు గాలి ఉన్నట్టుండి ఆగిపోయి, వాయవ్యం నుంచి నల్లటి గాలివాన విరుచుకుపడుతుంది. దాన్ని ఆ తీరంలో గలెర్నా అంటారు. అది వచ్చాక పడవను తిప్పుకునే వ్యవధి కూడా ఉండదు. నికాసియా పెట్టె తెరిచి, నన్ను తీసి, తట్టలో నెత్తళ్ల మధ్యన దాచి పైన గుడ్డ కప్పింది. ఇల్లు లేకపోతే ఓటు ఉండదు. ఓటు లేకపోతే పడవ కదలదు. ఆవిడ లెక్క అది.

కావలి గదిలో ఆ తరువాత జరిగింది నా తోబుట్టువు చెప్పాడు. వాడి గొప్పలు తీసేసి చెబుతున్నాను. సంఘం పెద్ద సెఫెరీనో పెట్టె తెరిచాడు. లోపల పడవ ఒక్కటే ఉంది. ముసలాయన పెట్టెను తలకిందులు చేశాడు, బల్ల కింద వెతికాడు. ఎవరో అగ్గిపెట్టె పెడదామన్నారు. ఇంకెవరో సంచిలోంచి రొట్టె తీసి బల్ల మీద పెట్టారు.

"రొట్టె పక్కన నిలబడి నేను ఓటెయ్యాలా? మా తాతలు నిలబడింది ఆ ఇంటి పక్కన. ఇల్లు లేదు, ఓటు లేదు. ఓటు లేదు, వేట లేదు. పదండి," అన్నాడు సెఫెరీనో.

నమ్ముతారో లేదో, అంతమంది కండలు తిరిగిన మగవాళ్లు చెక్క బొమ్మ ఒకటి కనిపించలేదని సముద్రం మానుకోవడానికి సిద్ధపడ్డారు. నికాసియా తన మనుషులను బాగానే అంచనా వేసింది. ఒక్క బ్రౌలియో సంగతే ఆలోచించలేదు.

"గది ఊడ్చేది ఎవరి పెళ్లామో అందరికీ తెలుసుగా," అన్నాడు బ్రౌలియో. "ఏప్రన్ బాగా కుదిరినట్టుంది తెల్మో. ఈసారి ఇంటి పక్కన నిలబడటం కూడా ఎందుకని, ఇంటినే దాచేయించావు!"

తెల్మో మొహం కందిపోయింది. బ్రౌలియోను కొడతాడనుకున్నారు. కొట్టలేదు. "లేని ఇంటి వెనకాల దాక్కునే రకాన్ని కాను," అని మెట్లు దిగిపోయాడు. ఓటు లేకుండా వేటాడి వచ్చిన సరంగును సంఘంలోంచి వెలేస్తారు. అది తెలిసే దిగిపోయాడు. అతని పడవ మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒంటరిగా వదల్లేక వెంట నడిచారు. ఇంకో మాట కూడా నా తోబుట్టువు చెప్పాడు. పెట్టె తెరిచే ముందు తెల్మో నేనుండే చివరకే వచ్చి నిలబడి ఉన్నాడట.

రేవులో ఆడవాళ్లు కిటికీ వంక చూస్తూ నిలబడ్డారు. తట్ట నికాసియా నెత్తి మీద, నేను తట్టలో ఉన్నాం. ఏ బొమ్మా కిటికీలో కనిపించకుండానే తెల్మో వచ్చి తాడు విప్పడం మొదలుపెట్టాడు. నికాసియా ముందుకు ఉరికింది.

"తెల్మో, ఏంటిది? ఆగు! ఇంకా చూపించలేదుగా!"

అతను తాడు పట్టుకుని ఆగాడు. వెనకాలే బ్రౌలియో, మిగతా సరంగులు వచ్చి నిలబడ్డారు.

"ఇల్లు పోయిందట. ఎక్కడుందో నీకేమైనా తెలుసా నికాసియా?" అన్నాడు తెల్మో.

అవునంటే మొగుడే దొంగతనం చేయించాడని ఊరంతా అనుకుంటుంది. లేదంటే అతను పడవెక్కుతాడు. నాకు తలుపూ లేదు, నోరూ లేదు, నేనిక్కడే ఉన్నానని అరవడానికి. చెప్పవే తల్లీ అని లోపల ఎంత మొత్తుకున్నానో.

నికాసియా నోరు పెగల్లేదు. తెల్మో తాడు విప్పి, పడవను నెట్టేశాడు. తెడ్లు పడ్డాయి. పడవ రేవు మలుపు దగ్గరున్న పెద్ద రాయి చాటుకు వెళ్లిపోయింది. అక్కణ్ణించి రేవులోవాళ్లకు కనబడదు. సరిగ్గా అప్పుడే దక్షిణపు గాలి ఆగిపోయింది. జెండాలన్నీ వాలిపోయాయి.

నికాసియా తట్టను కింద పడేసింది. నెత్తళ్లు రాళ్ల మీద చెల్లాచెదురయ్యాయి. నన్ను పిడికిట్లో పట్టుకుని కొండ మెట్లెక్కి పరుగెత్తింది. నా జీవితంలో బయటి గాలి తగులుతూ నేను చేసిన ప్రయాణం అదొక్కటే. గదిలో సెఫెరీనో ఒక్కడే పెట్టెకు మూత పెడుతున్నాడు.

"నికాసియా! ఈ వేళప్పుడు నువ్వు లోపలికి రాకూడదు!"

ఆవిడ వినలేదు. కిటికీ తోసి నన్ను బయటికి చాచింది. ఆ విసురుకు నా కప్పు చట్రానికి కొట్టుకుని ఒక మూల విరిగింది. దూరంగా సముద్రం మీద తెల్మో పడవ కనిపిస్తోంది. దాని అవతల, వాయవ్యాన, నల్లటి గీత ఒకటి లేచి ఉంది. తెల్మో వీపు మాకు, మొహం సముద్రానికి ఉన్నాయి.

"గంట కొట్టు తాతా! చూడట్లేదు!"

"నేను కొట్టకూడదమ్మా. ఓటు జరగలేదు."

"నాకు శిక్ష వేద్దువుగానిలే. ముందు కొట్టు!"

ముసలాయన తాడు పట్టుకున్నాడు, లాగలేదు. జన్మంతా కట్టుబాట్లతో బతికిన మనిషి. ఆ క్షణంలో ఆయన మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. ఆయన నా వంక చూశాడు, నికాసియా వంక చూశాడు, ఆ గీత వంక చూశాడు. అది అప్పటికే వెడల్పయింది. ఒక్కసారిగా ఒంటి బరువంతా వేసి తాడుకు వేలాడాడు.

తెల్మో వెనక్కి తిరిగాడు. అంత దూరం నుంచి కూడా నేను చూశాను. లేచి నిలబడ్డాడు. కిటికీ వంక సూటిగా చూసి టోపీ ఎత్తాడు. పడవ తిరిగింది.

వాళ్లు రాయి దాటి లోపలికి రావడమూ, గాలి వచ్చి మీద పడటమూ ఒకేసారి జరిగాయి. పెంకులు లేచాయి, రేవులో కట్టేసిన పడవలే రెండు బోల్తా పడ్డాయి. పక్క ఊరి పడవలు ఆ ఉదయం వెళ్లాయి. అవి తిరిగి రాలేదు. ఆ ఏడు కార్మెన్ మాత ఊరేగింపులో పూలు మాత్రమే ఉన్నాయి, బ్యాండు లేదు.

పండుగ వెళ్లాక సంఘం కూర్చుంది. నన్ను బల్ల మీద పెట్టారు. నెత్తళ్ల వాసన ఇంకా పోలేదు. దొంగ ఎవరో వెతకాల్సిన పని లేదు. నికాసియాను గుమ్మం బయటే నిలబెట్టారు.

సెఫెరీనో గొంతు సవరించుకున్నాడు. "ఆడది చూపించిన ఇల్లు చెల్లుతుందా, చెల్లదా అన్నది ప్రశ్న. చెల్లుతుందంటే, కట్టుబాటును దొంగిలించినట్టే. ఆ కుటుంబం ఇక ఈ రేవులో చేప ముట్టకూడదు. చెల్లదంటే, అక్కడేమీ జరగనట్టే. పిల్లాట. కానీ అప్పుడు తెల్మో..."

"అప్పుడు తెల్మో భయపడి తిరిగొచ్చినట్టు," అని బ్రౌలియో పూర్తి చేశాడు. ఈసారి వాడి గొంతులో వెటకారం లేదు.

"చెల్లుతుంది!" అని గుమ్మం బయటి నుంచి నికాసియా అరిచింది. "నేనే తీశాను, నేనే చూపించాను. ఆయన కట్టుబాటు ప్రకారమే తిరిగాడు. నాకేం శిక్ష వేస్తారో వెయ్యండి!"

తెల్మో లేచాడు. నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చాలా రోజుల తరువాత నా వంక చూశాడు.

"నేను కిటికీ చూడలేదు. గంటా వినలేదు. మబ్బు చూశాను. భయమేసింది. తిరిగొచ్చేశాను," అన్నాడు.

అతని పడవ మనుషులు నోరు విప్పరు. వాళ్లు కాక టోపీ ఎత్తడం చూసింది ముగ్గురం. నికాసియా గుమ్మం బయట ఏడుస్తోంది. నాకు నోరు లేదు. మూడోవాడు సెఫెరీనో. జన్మలో అబద్ధం ఆడని ఆ ముసలాయన నా విరిగిన మూలను వేలితో తడిమాడు.

"అయితే చెల్లదు," అన్నాడు చివరికి. "ఏమీ జరగలేదు. ఇల్లు పెట్టెలో పెట్టెయ్యండి."

మర్నాడు నీలం తలుపుకు ఏప్రన్ వేలాడింది. భయపడ్డానని ఒప్పుకున్నాడు కదా. సాయంత్రం విప్పెయ్యొచ్చు, తెల్మో విప్పలేదు. మర్నాడూ విప్పలేదు. ఇక అది ఆ తలుపుకే ఉండిపోయింది. బట్టలుతికే రోజున నికాసియా దాన్ని తీసుకెళ్లి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, తిరిగి తలుపుకు కట్టేదని కావలి గదిలో చెప్పుకునేవారు. తరువాత ఆ ఊళ్లో ఇంకెవరి తలుపుకూ ఏప్రన్ కట్టలేదు. నా పక్కన నిలబడేవాళ్లు కూడా కాస్త పెరిగారు.

ఆపైన మోటారు పడవలొచ్చాయి, రేడియోలొచ్చాయి. ఇప్పుడు కావలి గది మ్యూజియం అయింది. నేనూ, నా తోబుట్టువూ అద్దాల పెట్టెలో ఉన్నాం. వాడు ఇంకా మిడిసిపడుతూనే ఉన్నాడు. గైడు ఒకామె యాత్రికులకు మా కథ చెబుతుంది. మబ్బు చూసి పారిపోయొచ్చిన తెల్మో దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వుతారు. నా కప్పు మూల ఎలా విరిగిందో ఎవరూ అడగరు.

మా పక్క గాజుపెట్టెలో ఒక ఏప్రన్ ఉంది. ఏదో పాత ఇల్లు కూల్చినప్పుడు, నీలం తలుపుతో పాటు దొరికిందట. ఉతికి ఉతికి పలచబడిపోయింది, ఇస్త్రీ మడత మాత్రం ఇంకా కనిపిస్తుంది. దాని కింద కార్డు మీద 'జాలరి స్త్రీల దుస్తులు' అని రాశారు.