ఖాళీ చెయ్యప్పా

హవల్దారు మునీంద్రకు కుర్రసిపాయిలు పెట్టుకున్న పేరు చిటికెనవేలు ఉస్తాద్. రైఫిల్ ఖాళీ చేశామని ఎవడు ఎంత గట్టిగా అరిచినా నమ్మేవాడు కాడు. తన చిటికెనవేలు లోపలికి దూర్చి, తూటా కూర్చునే చోటు తడిమి చూసి, అప్పుడే పక్కవాడి దగ్గరికి కదిలేవాడు. కన్ను మోసం చేస్తుంది, నోరు అంతకన్నా మోసం చేస్తుంది, వేలు మాత్రం చెయ్యదు అనేవాడు. అలాంటి మనిషి ఒక్క పూట, ఒక్కడి రైఫిల్లో వేలు పెట్టలేదు. ఆ పూట సంగతే ఇది.

ఆ ఎండాకాలం వాళ్ల కంపెనీ కాల్పుల పరీక్షకని కేజీఎఫ్ వచ్చి, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల అవతల డేరాలు వేసింది. మునీంద్రది ఆ గనుల పక్క ఊరిగామే. గనిలో పనికని చిత్తూరు వైపు నుంచి వచ్చినవాడు వాళ్ల తాత. సొంతూరికి డ్యూటీ మీద వచ్చానని మునీంద్ర పొంగిపోయాడు గానీ, దిబ్బల మీద నుంచి ఉన్నట్టుండి లేచే ఆ బూడిదరంగు దుమ్మును చూస్తే మాత్రం మనసు కీడు శంకించేది. ఒకప్పుడు ఆ దుమ్ములోనే ఆడుకున్నవాడు, ఇప్పుడెందుకు భయపడుతున్నాడో ఆయనకే అంతుపట్టలేదు.

నిజమైన తూటాలు చేతికిచ్చే ముందు ప్రతి సిపాయినీ ఉత్తుత్తి తూటాలతో పరీక్షించాలి. కాల్చడం కన్నా ఖాళీ చెయ్యడమే అసలు పరీక్ష. మ్యాగజైన్ తియ్యాలి. బోల్టు లాగి లోపల మిగిలిన తూటాను బయట పడెయ్యాలి. తొంగి చూడాలి. అన్నీ అయ్యాకే గురిబోర్డు వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కి చూపాలి. ఈ వరస తప్పినవాడు మునీంద్ర దగ్గర గట్టెక్కడం కల్ల. కంపెనీలో అందరూ గట్టెక్కారు, యశ్వంత్ తప్ప.

యశ్వంత్‌దీ ఆ కోలారు జిల్లానే, వేమగల్ దగ్గర పట్టుపురుగులు పెంచే ఇంటివాడు. నెమ్మదస్తుడు, పెద్దవాళ్లు ఏం చెప్పినా కాదనడు. కానీ కంగారు పుట్టిందా, వాడి చెయ్యి బోల్టును మరిచిపోతుంది. మ్యాగజైన్ తీసి నేరుగా ట్రిగ్గర్ నొక్కేస్తాడు. మొదటిసారి అలాగే నొక్కాడు, రెండోసారీ అలాగే నొక్కాడు. ఉత్తుత్తి తూటా కాబట్టి టక్కుమని ఊరుకుంది.

"ఆ టక్కు విన్నావా?" అన్నాడు మునీంద్ర. "లోపలుండేది నిజం తూటా అయితే, ఎదురుగా ఉండేవాడి ఇంటికి మనం కబురు పంపల్ల."

"ఇంగోసారి చెయ్యను ఉస్తాద్," అన్నాడు యశ్వంత్.

మూడోసారి తప్పితే రైఫిల్ తీసేసుకుని వంటశాలకు తోస్తారు. ఆ మూడోసారి కూడా మ్యాగజైన్ తీశాక వాడి వేలు ట్రిగ్గర్ వైపే పోయింది. అప్పుడు మునీంద్ర దగ్గాడు. యశ్వంత్ వేలు ఆగింది, చెయ్యి వెనక్కి వచ్చి బోల్టు లాగింది.

"పాసే పో," అన్నాడు మునీంద్ర. "రేపు నిజం తూటాలు. బుద్ధి దగ్గర పెట్టుకో."

"ఆయ్తు ఉస్తాద్."

పక్కన నిలబడి చూస్తున్న హేమంత్ నవ్వాడు. కేజీఎఫ్‌లోనే ఆండర్సన్‌పేటవాడు, నోరు ఊరుకోదు. "అది మన జిల్లా దగ్గు ఉస్తాద్," అన్నాడు. "బయటోళ్లు ఎంత తప్పినా వాళ్లకి రాలేదే."

మునీంద్ర నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ మాట చెప్పులో రాయిలా రాత్రంతా గుచ్చుతూనే ఉంది. మనవాడని జాలిపడ్డాను, అంతేగా అని సర్ది చెప్పుకున్నాడు. జాలి పడాల్సిన చోటు అది కాదని ఆయనకు తెలియక కాదు.

ఆయ్తు అన్నది కన్నడ మాట. కోలారు వైపు తెలుగిళ్లలో కూరలో ఉప్పులా కలిసిపోయింది. పని ముగించినవాడు అయిపోయింది అనడానికీ ఆయ్తు అంటాడు, పని అందుకున్నవాడు సరే అనడానికీ ఆయ్తే అంటాడు. ఏ ఆయ్తు ఎప్పటిదో అక్కడ పుట్టినవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కాల్పుల రేంజిలో మాత్రం సిపాయి 'ఖాలీ, ఉస్తాద్' అనే అరవాలని నియమం. మిగతావాళ్ల దగ్గర ఆ నియమం కోసం పీకల మీద కూర్చునే మునీంద్ర, యశ్వంత్ దగ్గర వదిలేశాడు. ఏళ్ల తరబడి హిందీలో అరిచి అరిచి ఎండిపోయిన ప్రాణానికి ఆ ఇంటిమాట హాయిగా ఉండేది.

మర్నాడు పొద్దున కాల్పులు బాగానే జరిగాయి. చివరి వరస కాల్చడం ముగించేసరికి గాలి తిరిగింది. దిబ్బల మీది దుమ్మంతా లేచి రేంజి మీద పడింది. మునీంద్ర మొహం చేత్తో కప్పుకుని ఒక్కొక్కరి రైఫిల్లో వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. వరస చివర యశ్వంత్ దుమ్ముకు చివరి తూటాలు కాల్చలేక కళ్లు నులుముకుంటూ కూర్చున్నాడు. రైఫిల్ ఒడిలో ఉంది.

ఇంకో నాలుగడుగులు వేస్తే సరిపోయేది. మునీంద్ర వెయ్యలేదు. దుమ్ములోంచే గొంతెత్తి, "ఖాళీ చెయ్యప్పా," అన్నాడు.

"ఆయ్తు ఉస్తాద్," అంది దుమ్ములోంచి గొంతు.

మునీంద్ర వెనక్కి తిరిగి విజిల్ ఊదాడు. కాల్పులు ముగిశాయని ఎర్రజెండా దిగింది. తన తూటాలు ఎక్కడ తగిలాయో చూసుకోవాలన్న ఆత్రం కొద్దీ హేమంత్ అందరికన్నా ముందు గురిబోర్డుల వైపు నడిచాడు. ఇటు యశ్వంత్ కళ్లు తుడుచుకుని, ఉస్తాద్ చెప్పిన పనికి అప్పుడు పూనుకున్నాడు. మ్యాగజైన్ తీశాడు. కళ్లు మండుతున్నాయి, అందరికన్నా వెనకబడ్డానన్న కంగారు. గురిబోర్డు వైపు పెట్టి నొక్కాడు.

ఈసారి టక్కుమనలేదు.

హేమంత్‌ను బెంగళూరు తీసుకుపోయారు. తూటా వీపులోంచి పోయింది. మధ్యాహ్నం మేజర్ సాబ్ తన డేరాలో విచారణకు కూర్చున్నాడు. ఆయనది ఉత్తరాది, తెలుగు ముక్క రాదు. యశ్వంత్‌కు వచ్చిన కాస్త హిందీ భయంతో నోటికి రాకుండా పోయింది. అందుకని వాడి మాటలు హిందీలో చెప్పమని మునీంద్రనే నిలబెట్టారు. దొంగ చేతికి తాళాలు ఇవ్వడం అంటే ఇదే, అనుకున్నాడు మునీంద్ర.

"ఉస్తాద్ నీకేం చెప్పాడు, నువ్వేమన్నావు?" అని అడిగాడు మేజర్.

"ఖాళీ చెయ్యప్పా అన్నాడు," అన్నాడు యశ్వంత్ నేల చూస్తూ. "ఆయ్తు అన్నాను."

మునీంద్ర మొదటి మాట హిందీలో చెప్పాడు. మేజర్ తల ఎత్తి, "ఆయ్తు అంటే?" అన్నాడు.

మునీంద్ర లెక్క వేసుకున్నాడు. సరే అని అర్థం చెబితే, ఖాళీ కాని రైఫిల్ ముందుకు మనుషుల్ని పంపినవాడు తనే. బతుకంతా సంపాదించుకున్న పేరు, ఆ చిటికెనవేలు, అన్నీ గంగలో కలుస్తాయి. అయిపోయింది అని అర్థం చెబితే, అబద్ధమాడినవాడు ఆ కుర్రాడు. రెండర్థాలూ ఉన్న మాటే కదా, ఒకటి చెబితే తప్పేముంది అనిపించింది.

"అయిపోయింది అని అర్థం సాబ్," అన్నాడు.

ఆపాటి హిందీ యశ్వంత్‌కు తెలుసు. తలెత్తి మునీంద్ర వైపు చూశాడు. ఉస్తాద్ మాట కాదనడం వాడికి చేతకాలేదు. మళ్లీ తల దించుకున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. మేజర్ విని, పెట్టేసి, కబురు చెప్పాడు. హేమంత్ పోయాడు. ఆండర్సన్‌పేటలో వాళ్లమ్మకు ఈ కబురు ఎవరు తీసుకుపోతారు అనుకున్నాడు మునీంద్ర.

"బెల్టు తీసి ఇక్కడ పెట్టు," అన్నాడు మేజర్ యశ్వంత్‌తో, చేత్తో సైగ చేస్తూ. "గార్డు రూముకి నడువు."

"ఆయ్తు సాబ్," అన్నాడు యశ్వంత్.

మేజర్ వాడి నడుము వైపు చూశాడు. బెల్టు అలాగే ఉంది. వాడి చేతులు ఇంకా పక్కనే వేలాడుతున్నాయి. తర్వాత ఆయన చూపు నిదానంగా మునీంద్ర మీదికి వచ్చింది.

"ఏం అయిపోయింది, హవల్దార్?" అని అడిగాడు.

యశ్వంత్ వేళ్లు బకిల్ వెతుక్కుంటున్నాయి. మునీంద్ర ముందుకు వచ్చి వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండప్పా," అన్నాడు, తన బెల్టు విప్పుకుంటూ.