దీవికి దారి

స్పెయిన్‌లో బాస్క్ తీరాన లెకేటియో అనే చిన్న ఊరుంది. అక్కడికి ట్రిప్ కోసం మూడు నెలలు కూర్చుని గూగుల్ షీట్ తయారుచేశాను: పాత చర్చి, లైట్‌హౌస్, సముద్రం తగ్గినప్పుడు నడిచి వెళ్లగలిగే దీవి. అడిగింది కదా అని నా ఫ్రెండ్ సుభాషిణికి షేర్ చేశాను. పైన నా పేరు చెరిపేసి, తన పేరు పెట్టుకుని, ఆ లింకే మా ఊరు ప్లేనోలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పడేసింది. అందరూ ఆహా ఓహో అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

నేనూ ఒకటి చెరిపాను, దీవి దారి మునిగే, తేలే టైమింగ్స్ ఉన్న వరుస.

సుభాషిణి వాళ్లు ఆ ట్రిప్‌కి వెళ్లిన మూడో రోజు, ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే ఫోన్ వచ్చింది.

"వసుధా! దీవి మీద ఇరుక్కుపోయామే! దారంతా నీళ్లు! మళ్లీ ఎప్పుడు తేలుతుంది?"

"ప్లాన్ నీదే కదా సుభా, అందులో చూసుకో."