దిగుడు మొదలయ్యేలోపు

కిర్రుమన్నదల్లా టైలరుకు శత్రువే. తలుపు కిర్రుమన్నా, ఫ్యాను కీచుమన్నా, పక్కింటి గేటు మూలిగినా కుట్టుమిషను నూనె డబ్బా పట్టుకుని బయలుదేరేవాడు. పొడుగు ముక్కున్న ఆ చిన్న డబ్బా ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉండేది. "నేను గురకపెడితే నా ముక్కులో కూడా వేసేలా ఉన్నాడు" అని కొడుకు వేళాకోళం చేసేవాడు. టైలరు నవ్వి ఊరుకునేవాడు. జుట్టు నెరిసేదాకా మిషను తొక్కిన మనిషి, నూనెతో కుదరని పని ఉండదని గట్టిగా నమ్మేవాడు.

ఆ నమ్మకంతోనే ఆ రోజు పొద్దున్నే లేచి కోడలి సైకిలు బ్రేకులకు నూనె వేశాడు.

కోడలు ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ఆస్పత్రి కొండకు అవతలి వైపు. బస్సు ఊరంతా చుట్టి పోతుంది కాబట్టి ఆమె పాత కొండదారిన సైకిలు మీద వెళుతుంది. చరియలు విరిగిపడ్డాక ఆ దారిని బళ్ళకు మూసేసి నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదిలేశారు. ఇంటి సందు దాటగానే ఎక్కుడు మొదలు. కొండ నెత్తికి చేరేదాకా ఎక్కుడే. ఆ తర్వాత నిటారు దిగుడు. అది తిన్నగా పోయి లారీలు తిరిగే పెద్దరోడ్డు మీద పడుతుంది. "దిగేటప్పుడు బ్రేకులు ఒకటే అరుపు, దారినపోయేవాళ్ళంతా వెనక్కి తిరిగి చూస్తున్నారు" అని ఆమె మొగుడితో చెబుతుంటే టైలరు చెవినపడింది. ఆమె కాపురానికొచ్చి ఏడాది దాటినా మామాకోడళ్ళ మధ్య "భోజనానికి రండి", "వస్తున్నా" తప్ప మాటల్లేవు. ఇద్దరికీ మొహమాటమే. ఆ పిల్లకు ఏదైనా చేసిపెట్టాలని ఆయనకు ఎన్నాళ్ళనుంచో ఉంది. చెప్పకుండా చేస్తే ఇంకా బాగుంటుందనుకున్నాడు. రెండు చక్రాలకూ నూనె పట్టించి, ఏమీ ఎరగనట్టు వచ్చి ముందుగదిలోని షాపు తలుపు తీశాడు. కోడలు సైకిలెక్కి వెళుతుంటే కుట్టుమిషను వెనక నుంచి చూసి తనలో తనే మురిసిపోయాడు.

ఆమె అటు వెళ్ళిందో లేదో సైకిల్ షాపతను ప్యాంటు కోసం వచ్చాడు. చేతిలో ఎప్పుడూ గాలి పంపు ఉంటుందని అతన్ని అందరూ పంపు అనే పిలుస్తారు.

"ఇవాళ నీ పని కూడా నేనే చేసేశానోయ్ పంపూ" అన్నాడు టైలరు. "మా కోడలి సైకిలు బ్రేకులు అరుస్తున్నాయంటే నూనె వేసి నోరు మూయించా."

ప్యాంటు మడత విప్పి చూసుకుంటున్న పంపు చేతులు ఆగిపోయాయి.

"ఎక్కడ వేశారు?"

"బ్రేకులకేనయ్యా. రబ్బరు చక్రాన్ని పట్టుకునే చోట."

"అక్కడ పట్టుండాలండీ. నూనె తగిలితే ఎంత నొక్కినా జారిపోతుంది. అమ్మాయి ఎక్కడ?"

"డ్యూటీకి..." అన్నాడు టైలరు. అంటూనే కళ్ళు కొండ వైపు తిరిగాయి.

ఎక్కేటప్పుడు బ్రేకుతో పని లేదు. తొక్కడం ఆపితే బండి దానంతటదే ఆగుతుంది. కాబట్టి కొండ నెత్తికి చేరేదాకా ఆమెకు ఏమీ తెలియదు. తెలిసేది దిగుడులోనే. అప్పటికి తెలిసి లాభం లేదు.

ఫోను చేశారు. అందుబాటులో లేరంది. కొండ మీద సిగ్నల్ ఉండదని ఇద్దరికీ తెలుసు.

"నేను స్కూటరు మీద చుట్టుతిరిగి అవతలికి పోతా. పెద్దరోడ్డు మీద లారీలనైనా ఆపిస్తా. కానీ నేను చేరేసరికి..." పంపు మాట మింగేసి తన సైకిల్ షాపు వైపు పరిగెత్తాడు.

టైలరు గోడకానించిన తన పాత సైకిలు లాక్కుని ఎక్కాడు. దానికి గేర్లూ లేవు, ఏమీ లేవు. కూరగాయలకు తప్ప అది ఇల్లు కదిలి చాలాకాలమైంది. సందు దాటి మొదటి ఎక్కుడు మీద పడగానే నిలబడి ఎగిరెగిరి తొక్కాడు. మొదటి మలుపు రాకముందే తొడలు మంటెత్తిపోయాయి, గుండె గొంతులోకొచ్చి కూర్చుంది. అక్కడే పడిపోతానేమోనని భయమేసింది. తాను పడిపోతే పైన ఆ పిల్లను ఆపేదెవరన్న భయం దానికంటే పెద్దది.

కొండెక్కడమెలాగో కోడలే ఒకసారి మొగుడికి పాఠం చెప్పింది. టైలరు కాజాలు కుడుతూ విన్నాడు. లేవకూడదు, సీట్లోనే కూర్చోవాలి. పైకి చూడకూడదు, ముందు చక్రాన్నే చూసుకోవాలి. మలుపుల్లో లోపలివైపు నిటారుగా ఉంటుంది, బయటి అంచునే పోవాలి. మరీ ఎక్కలేకపోతే రోడ్డుకు అడ్డంగా, ఆ అంచు నుంచి ఈ అంచుకు ఏటవాలుగా తొక్కాలి. ఆయన కూర్చున్నాడు. తల దించాడు. అడ్డదిడ్డంగా, తాగినవాడిలా రోడ్డంతా తిరుగుతూ ఎక్కాడు. ఒక పక్క బండరాళ్ళు, ఇంకో పక్క లోయ. లోయవైపు వెళ్ళినప్పుడల్లా కళ్ళు మూసుకోవాలనిపించింది.

కాళ్ళు తొక్కుతున్నాయి గానీ మనసు అప్పటికే అవతలి దిగుడులో ఉంది. ఆమె చేతులు బ్రేకులు నొక్కుతున్నట్టు, మళ్ళీ నొక్కుతున్నట్టు, సైకిలు వినకుండా పోతున్నట్టు కనిపించింది. కొడుకు వచ్చి ఎలా జరిగింది నాన్నా అని అడిగితే ఏం చెప్పాలి? అరుపు వినపడకూడదని వేశానురా అని చెప్పాలా? ఆ అరుపే ఇన్నాళ్ళూ ఆమెను బతికించిందని ఇప్పుడు తెలిసింది.

చివరి ఎక్కుడు దగ్గర సైకిలు ఇక కదలనంది. దాన్ని రోడ్డు పక్కన పారేసి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ పరుగులాంటి నడక నడిచాడు. నోట్లో ఇనుము రుచి తగిలింది.

కోడలు అక్కడే ఉంది.

కొండ నెత్తిన రాతి పిట్టగోడకు సైకిలు ఆనించి, నీళ్ళు తాగి, సీసాకు మూత బిగిస్తోంది. ఆయన అరవబోయాడు. గాలి తప్ప గొంతులోంచి ఏమీ రాలేదు. ఆమె సీసా సంచిలో పెట్టి హ్యాండిలు పట్టుకుంది. ఆయన మళ్ళీ అరవబోయాడు. ఈసారి గాలి కూడా రాలేదు. కాళ్ళు మడతపడి రోడ్డు మీద కూలబడ్డాడు.

పడిన చప్పుడుకు ఆమె తిరిగి చూసింది.

"మామయ్యా! ఇక్కడికెలా వచ్చారు? ఏమైంది?" సైకిలు తోసుకుంటూనే పరిగెత్తుకొచ్చింది. ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. "గుండెలో నొప్పా? ఎడమ చెయ్యి లాగుతోందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. సైకిలు వైపు చూపించాడు. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

"అవును, సైకిలుంది. మీరు కదలకండి. కిందనే మా ఆస్పత్రి. ఒక్క నిమిషంలో దిగిపోయి మనుషుల్ని తీసుకొస్తా. ఆగకుండా పోతా."

తన వల్లే ఆమె ఇంకా వేగంగా చావులోకి పోబోతోందని ఆయనకు అర్థమైంది. ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి ఏది దొరికితే అది పట్టుకుంటాడని ఆమెకు తెలుసు. రోగులను రోజూ చూసే మనిషి. "వదలండి మామయ్యా, ఆలస్యమైతే ప్రమాదం" అని బతిమాలుతూ ఆయన వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించింది. కన్నీళ్ళు తుడుచుకోకుండానే సీటెక్కి, సైకిలును దిగుడు వైపు తిప్పి పెడలు మీద కాలేసింది.

టైలరు కుడిచెయ్యి చక్రం ఊచల మధ్యకు దూర్చేశాడు.

చక్రం ఒక్క విసురుగా తిరిగి ఆయన చేతిని ముందు కడ్డీకేసి నొక్కేసి ఆగింది. టపుక్కున ఏదో విరిగింది. అప్పుడొచ్చింది గొంతు. ముందు కేక, దాని వెనకే మాట.

"నూనె... బ్రేకులకి నూనె వేశానమ్మా. పొద్దున నేనే వేశా. దిగకు తల్లీ, అవి పట్టవు."

ఆమె మెల్లగా కిందికి దిగి, సీటు కొద్దిగా ఎత్తి వెనక చక్రాన్ని చేత్తో తిప్పింది. బ్రేకు నొక్కింది. పిడికిలి బిగించి నొక్కింది. చక్రం ఏ చప్పుడూ చేయకుండా తిరుగుతూనే ఉంది. ఆమె దాన్ని చూసింది, తర్వాత దిగుడును చూసింది. కింద చివర లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆమె వచ్చి ఆయన పక్కనే చతికిలబడింది.

"సరే మామయ్యా, అర్థమైంది. నేనెక్కడికీ పోను. ముందు చెయ్యి తియ్యండి, చూడనివ్వండి."

ఆయన తియ్యలేదు. విరిగిన వేళ్ళతో ఇక సూదిలో దారం ఎక్కించలేడని ఆయనకూ తెలుస్తూనే ఉంది. అయినా మిగిలిన వేళ్ళతో ఊచలను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వు ఎక్కుతావు" అన్నాడు, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే. "నాకు డాక్టరు కావాలని మళ్ళీ ఎక్కుతావు."

"ఎక్కను."

"ఎక్కుతావు. నాకు తెలుసు."

ఆమె ఇక వాదించలేదు. సైకిలును ఆయన పక్కన మెల్లగా పడుకోబెట్టి, ముందు ఇరుసు దగ్గరున్న చిన్న మీట తిప్పి, చక్రాన్ని సైకిలు నుంచి ఊడదీసేసింది. ఇరుక్కున్న చెయ్యి అలాగే ఉండగా చక్రాన్ని ఆయన ఒళ్ళో పెట్టింది. చక్రం లేని సైకిలును ఆయన కాసేపు చూశాడు. ఇక అది ఎక్కడికీ పోదని నమ్మకం కలిగాక వేళ్ళు వదిలాడు.