మూడో స్లైడ్

ఇర్మా సాబో కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టి, మైక్రోస్కోపు మీదికి వంగి, అరచేతిలోని క్లిక్కర్‌ను, నొక్కితే అంకె ఒకటి పెరిగే లెక్కమరను, నొక్కింది. విడిపోతున్న కణం కనబడినప్పుడల్లా ఒక్క నొక్కు. స్లైడ్‌కు వెయ్యి కణాలు. క్లీవ్‌లాండ్‌లోని ఆ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఇదే. వ్యాసాలు అచ్చయినప్పుడు ఆవిడ పేరు చిట్టచివర, కృతజ్ఞతల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. రెండుసార్లు అదీ తప్పుగా పడింది.

బొటనవేలి మీద కాయ కాసింది. ఎడమ రొమ్ములో, రేపు కోయబోయే చోట, పొద్దుటి నుంచీ సలుపుతోంది.

హోమియోబాక్స్ జన్యువుల్లో ఒకటి, కడుపులో బిడ్డ అవయవాలు దిద్దుకునే రోజుల్లో పనిచేసి, ఆ తర్వాత నోరు మూసుకోవాలి. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో అది మళ్లీ నోరు తెరుస్తుంది. ఎక్స్‌రే దెబ్బ తగిలిన మామూలు కణం బాగుచేసుకునేదాకా విడిపోకుండా ఆగుతుంది. ఇలాంటి కణం ఆగదు, ఆ దెబ్బతోనే రెండవుతుంది. జన్యువును అణిచేస్తే ఆగుతుందా? ఇర్మా గడ్డలోనూ ఆ జన్యువే ఎక్కువగా ఉందని పోయిన నెల తేలింది. ఆవిడకు ఆ జవాబు కావాలి.

స్లైడ్లు మూడు. ఒకటి మామూలు కణాలు, ఒకటి క్యాన్సర్ కణాలు, ఒకటి జన్యువును అణిచిన క్యాన్సర్ కణాలు. మూడింటికీ ఎక్స్‌రే తగిలింది. ఏది ఏదో లెక్కపెట్టేవాళ్లకు తెలియకూడదు. అది మూసిన కవరులో ఉంటుంది.

మొదటి దాంట్లో అరవై ఒకటి. రెండో దాంట్లో మూడు.

“ఆ కవరు తెరిచెయ్యవే అమ్మాయ్. రేపు తెలిసి వెళ్తాను,” అంది పక్క బల్ల దగ్గరున్న లోర్నాతో. లోర్నాకు లెక్క నేర్పింది ఇర్మాయే.

“తెలిస్తే కన్ను అటే మొగ్గుతుందని మీరే కదా అన్నారు? నేనూ లెక్కపెట్టాకే కవరు. సోమవారం హాస్పిటల్‌కొచ్చి చెప్తాగా.”

“అప్పుడేదో బుద్ధి లేక అన్నాను. పట్టుకుని వేలాడుతున్నావు.”

ఇద్దరూ నవ్వారు. గసగసాల రొట్టెలో సగం లోర్నాకిచ్చి, ఇర్మా మూడో స్లైడ్ పెట్టింది. పెడుతుండగా తట్టింది. ఇదీ తక్కువొస్తే చాలు, ఏది ఏదో తెలియకపోయినా జవాబు తేలిపోతుంది. ఎక్కువొస్తే అణిచినా ఆగనట్టే.

వెయ్యి కణాలూ చూసి, క్లిక్కర్‌ను సున్నాకు తిప్పి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. తర్వాత కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచింది.

“ఎంతొచ్చింది?” అని నోరు జారి అడిగింది లోర్నా.

“నీ లెక్క నువ్వు పెట్టుకో,” అంది ఇర్మా. అంకె చీటీ మీద రాసి, మడిచి, లెక్కల చీటీలు వేసే డబ్బాలో వేసింది. చెప్పాలని ఎంత ఉందో ఆవిడకే తెలుసు. కోటు తొడుక్కుని బస్సుకు వెళ్లిపోయింది.

ఆపరేషను బాగానే అయిందన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి ఇర్మా పోయింది.

సోమవారం లోర్నా తన లెక్క ముగించి కవరు తెరిచింది. జన్యువును అణిచింది మూడో స్లైడ్‌లోనే. “తెలియకుండానే పోయింది. ఆ రోజే కవరు తెరిచుంటే నా సొమ్మేం పోయేది,” అని బల్ల మీద తల పెట్టి ఏడ్చింది.

పక్కనే ఇర్మా క్లిక్కర్ ఉంది. ఎవరూ దాన్ని సున్నాకు తిప్పలేదు. దాని మీద నాలుగు అని ఉంది.