ఆపిల్ కట్టిన తాడు

"దాన్నైనా ఈ ఇంట్లోంచి పంపించు, నన్నైనా పంపించు," అంది మా అత్తగారు స్తమెంక. పొద్దున పెరట్లో మిరపకాయలు కాల్చడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇదే గొడవ.

"ముట్టుకోవద్దన్నారమ్మా," అన్నాడు మా ఆయన వ్లాస్తా, పొయ్యిలోకి కట్టె తోస్తూ. "వకీలు మరీ మరీ చెప్పాడు. కేసు తేలేదాకా ఎక్కడిదక్కడే ఉండాలట."

"అయితే ఆ వకీలునే వచ్చి నా గదిలో పడుకోమను. గోడ అవతల అది ఊపిరి తీస్తుంటే కునుకు ఎలా పడుతుందో చూస్తాను."

"అకార్డియన్ ఊపిరి తియ్యదమ్మా."

"మీ నాన్న కూడా చివరి రోజుల్లో అలాగే తీశాడు. అప్పుడూ నీకు వినపడలేదు."

మా అమ్మాయి నెవెన నవ్వు ఆపుకోలేక, తొక్క ఒలుస్తున్న మిరపకాయని గిన్నెలో పడేసింది. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి దాని చేతులు.

అత్తగారి మాట అబద్ధం కాదు. సామాన్ల కొట్లో, మడతపెట్టిన పెద్ద గుడారం మీద పడుంది పెళ్లిళ్లలో వాయించే సిబిన్ అకార్డియన్. గుడారం కూలిన ఆ పెళ్లి రోజు కంగారులో ఎవరో గుడారంతో పాటు దాన్నీ మా వ్యానులోకి ఎక్కించేశారు. బెల్టు తెగింది. ఒక మీట లోపలికి దిగబడి అలాగే ఉండిపోయింది. నది మీంచి కొషావ గాలి వీచినప్పుడల్లా తలుపు కిందుగా చొరబడి దాని తిత్తిని కొంచెం లేపుతుంది. గాలి పోయాక ఆ తిత్తి మెల్లగా దిగుతూ ఒకే ఒక్క స్వరం వదుల్తుంది. నేను గిన్నెలు తోముతూ చెయ్యి ఆపి వినేదాన్ని. ఇంట్లోంచి కాదు, డాన్యూబ్ నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టుండేది. పాట మొదలుపెట్టబోయి, ఎవరో పిలిస్తే ఆగిపోయినట్టుండేది.

పెళ్లిళ్లకీ కర్మలకీ గుడారాలు వెయ్యడం మా పని. చిన్నవి మా సొంతం. పెద్ద తెల్ల గుడారం మాత్రం నగరంలోని కంపెనీది. కిస్తీలు కట్టుకుంటూ అద్దెకి తిప్పుకుంటున్నాం. వ్లాస్తా అప్పటికింకా ఫ్యాక్టరీలో ఉద్యోగం వదల్లేదు కాబట్టి కాగితాలన్నీ నా పేరునే రాశారు.

వేసవి చివర్లో రేవు దగ్గర హోటల్లో పెళ్లి. ఎత్తున కట్టిన ఆపిల్‌ని పెళ్లికొడుకు తుపాకీతో కొట్టి పడగొడితే గానీ మా వైపు పెళ్లికూతుర్ని బయటికి పంపరు. రేవులో చెట్లు లేవు. పెళ్లికూతురి అన్నలు వ్లాస్తా చుట్టూ చేరి, "మావయ్యా, నీ గుంజని మించిన చెట్టేది?" అంటూ రాకియా సారా పోశారు. మా ఆయన మురిసిపోయాడు. గాలికి గుంజ ఒరగకుండా నది వైపు కట్టిన గాలితాడు విప్పి, దాని కొసకి ఆపిల్ కట్టి, గుంజ కొన మీది గిలక గుండా పైకి లాగాడు. పెళ్లికొడుకు గురి తప్పుతూనే ఉన్నాడు. జనం నవ్వుతూనే ఉన్నారు. సిబిన్ ప్రతి గుండుకీ రాగం మార్చి ఏడిపిస్తూనే ఉన్నాడు. చివరికి ఆపిల్ పగిలింది. ముక్కలు తెల్లటి గుడ్డ మీంచి జారుతుంటే అందరూ ఒకర్నొకరు కావలించుకున్నారు. ఆ తాడు మళ్లీ కట్టాలన్న సంగతి మేం మరిచిపోయాం.

సాయంత్రం కొషావ లేచింది. గుడారం గుండె నిండా గాలి పీల్చుకుంది. గుంజ వచ్చి సిబిన్ కుడిచేతి మీద పడింది.

ఆపిల్‌ని అందరూ చూశారు. అది కట్టింది ఏ తాడుకో మా ఇద్దరికే తెలుసు. సిబిన్‌కి కూడా తెలిసే ఉంటుంది, ఎన్నో ఏళ్లుగా మా గుంజల కిందే కూర్చుని వాయిస్తున్నాడు. మా మీద వేసిన దావా కాగితంలో మాత్రం గుంజ పడిందని రాశాడంతే. ఆపిల్ ఊసే లేదు. ఒకసారి సంతలో నన్ను చూసి "వదినా!" అని కట్టు కట్టిన చెయ్యి పైకెత్తాడు. నేను క్యాబేజీల వైపు తిరిగిపోయాను. మాట్లాడొద్దని వకీలు హెచ్చరించాడు మరి.

మధ్యాహ్నం కంపెనీ పెట్టిన ఆ వకీలే వచ్చాడు. మంచి మర్యాద తెలిసిన మనిషి. పెరట్లో పీట వేస్తే కూర్చుని, అత్తగారు పెట్టిన రొట్టె మీద వేడి వేడి పచ్చడి రాసుకుని తిన్నాడు.

"ఒప్పందం మీకు అండగానే ఉంది దెసాంకగారూ. గుడారం వల్ల బయటి మనిషికి దెబ్బ తగిలి దావా వేస్తే, ఆ భారం మొత్తం కంపెనీదే. మీ చేతి నుంచి ఏమీ పోదు. కాకపోతే వాదన మా చేతిలో ఉంటుంది. మీరు తప్పు ఒప్పుకోకూడదు, అతనితో చాటుగా రాజీ పడకూడదు, మాకు కావలసిన సాయం చెయ్యాలి. అలా చెయ్యకపోతే మా హామీ రద్దవుతుంది. అప్పుడు అతనికి జరిగిన నష్టమంతా మీరే పూడ్చాలి."

"పరామర్శకి వెళ్లొచ్చా నాయనా?" అని అడిగింది అత్తగారు. "కాఫీ, చక్కెర పట్టుకుని?"

"వద్దమ్మా. కాఫీ పట్టుకెళ్తే తప్పు ఒప్పుకున్నట్టేనని అవతలి వకీలు అంటాడు."

"మా ఊళ్లో పట్టుకెళ్లకపోతే ఒప్పుకున్నట్టు."

ఆయన నవ్వి, సంచీలోంచి ఒక కాగితం తీశాడు. వాయిద్యకారుడు తాగి ఉన్నాడు, గుంజకి ఆనుకుని ఊగాడు, వద్దన్నా వినలేదు అని ఉంది అందులో. కింద నా పేరు అచ్చేసి ఉంది, పక్కన సంతకానికి ఖాళీ జాగా.

"ఇదంతా ఎవరు చూశారు?" అన్నాను.

"ఫోటోలో అతని కుర్చీ పక్కన గ్లాసు ఉంది కదండీ."

"వాయించేవాడికి అందరూ పోస్తారు. సిబిన్ చివరి పాట అయ్యాక గానీ చుక్క ముట్టడు."

"అది మీకు తెలుసు. న్యాయమూర్తికి తెలియదుగా," అన్నాడు మెత్తగా. సంతకం చేసిన కాగితం కోసం రేపు మనిషిని పంపిస్తానని చెప్పి, అత్తగారిచ్చిన పచ్చడి సీసా చంకలో పెట్టుకుని వెళ్లాడు.

వ్లాస్తా పొయ్యిలో నిప్పులు ఎగదోశాడు. "సిబిన్‌కేం పోతుంది?" అన్నాడు. "ఈ దావా కాకపోతే ఇంకో దారి చూసుకుంటాడు. మనకి ఆ గుడారం పోతే పెళ్లిళ్లు పోతాయి దెసా. చిన్నవాటితో చావులే మిగుల్తాయి."

"చావులకి కరువుండదులే," అంది అత్తగారు.

"నువ్వు ఊరుకో అమ్మా!"

"అతని వేళ్లు వంగడం లేదట నాన్నా," అంది నెవెన తల ఎత్తకుండా. "తాగుబోతని కోర్టులో పేరు పడ్డాక, వంగినా ఎవరు పిలుస్తారు?"

నేను పెద్ద డేగిసా దగ్గర నిలబడి పచ్చడి కలుపుతున్నాను. అది కలపడం మొదలుపెడితే ఆపకూడదు, అడుగంటుతుంది. ఆవిరి మొహానికి కొడుతోంది. తెడ్డు తిరుగుతోంది, ఎరుపు తిరుగుతోంది, పెరడు కూడా నెమ్మదిగా తిరగసాగింది.

తెల్ల గుడారం నేల విడిచింది. అంత బరువు, ఆరేసిన బట్ట దండెం మీంచి లేచినంత తేలిగ్గా లేచి నది మీదికి సాగింది. లోపల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు, తేలుతున్నట్టు వాళ్లకి తెలియదు. సిబిన్ రెండు చేతులతో వాయిస్తున్నాడు. వేళ్లు పది పిట్టల్లా మీటల మీద గెంతుతున్నాయి. గుంజ కొన నుంచి ఎర్రటి ఆపిల్ ఊగుతోంది. దాని తాడు గాలిలో మెలికలు తిరుగుతూ కిందికి, కిందికి, మా పెరట్లోకి దిగింది. కొస నా పిడికిట్లో ఉంది. వదిలేస్తే హాయిగా ఎగిరిపోతుంది. ఎవరూ నన్ను అడగరు. పైనుంచి సిబిన్ కిందికి చూశాడు. అరవలేదు, పిలవలేదు. తాడు నా చేతిలోనే ఉందన్న ధీమాతో మళ్లీ మీటల వైపు తిరిగాడు.

పచ్చడి చింది మణికట్టు మీద పడింది. ఉలిక్కిపడి చూస్తే చేతిలో తెడ్డు. కొట్లోంచి ఆ స్వరం వచ్చింది, సన్నగా, పొడుగ్గా. ఈసారి వ్లాస్తా కూడా తలెత్తి అటు చూశాడు.

"విన్నావా?" అంది అత్తగారు.

"విన్నాను," అన్నాడు.

ఎండ గోడ దిగే వేళకి సీసాలన్నీ నింపి, మూతలు బిగించి, దుప్పట్లు కప్పాం. పెరట్లోనే బల్ల వేసి, రొట్టె, జున్ను, ఉల్లిపాయలు పెట్టాను. నలుగురం కూర్చున్నాం. వకీలు కాగితం ఉప్పుగిన్నె కింద ఉంది. వ్లాస్తా దానికేసి చూడకుండా రొట్టె తుంచుతున్నాడు. నేను కాగితం తీసి, మడత మీద మడత పెట్టి, బల్ల కింద పొట్టిగా ఉన్న కాలి కింద దూర్చాను. బల్ల కుదురుకుంది.

"నేను సంతకం పెట్టడం లేదు," అన్నాను. గొంతు పెంచలేదు. "రేపు అర కిలో కాఫీ, చక్కెర, ఆ అకార్డియన్ తీసుకుని సిబిన్ ఇంటికి వెళ్తాను. ఆపిల్ ఏ తాడుకి కట్టామో చెప్తాను. కంపెనీ చెయ్యి వదిలేస్తే వదిలెయ్యనివ్వండి, పెద్ద గుడారం వాళ్లకి ఇచ్చేసి, వ్యాను అమ్ముదాం. వ్లాస్తా, నువ్వు కూడా వస్తున్నావు."

వ్లాస్తా తుంచిన రొట్టె ముక్కని వేళ్ల మధ్య తిప్పాడు.

"చక్కెర కాదు, లుకుం మిఠాయి తీసుకుందాం," అన్నాడు. "సిబిన్‌కి గులాబీది ఇష్టం."