పొద్దుటి మాత్ర

దర్జీ దుకాణంలో ఆమె కుర్చీ కిటికీ పక్కన, మిగతా ఇద్దరు పనివాళ్లకీ ఎడంగా ఉంటుంది. అక్క కిడ్నీ ఆమెకు పెట్టి ఆరేళ్లయింది. జలుబు కూడా తగలకూడదని డాక్టరు చెప్పినప్పటి నుంచి ముక్కూ నోరూ మాస్కుతో మూసుకునే కుడుతుంది, అన్నం ఒక్కతే తింటుంది. మొదట్లో కలిసి తిందాం రమ్మని పిలిచేవాళ్లు. తర్వాత మానేశారు.

చేత్తో కాజాలు కుట్టడంలో ఆమెకు సాటి లేరు. కానీ కిడ్నీ నిలవడానికి రెండు పూటలా వేసుకునే మాత్రలతో వేళ్లు వణికేవి. "రాణీగారి సూది డాన్సులు నేర్చుకుంటోంది చూడండ్రా," అన్నాడు ఇస్త్రీ చేసే ఆయన. ఆ వారమే ఆమె పొద్దుటి మాత్ర మానేసింది. ఆరేళ్లు ఒంట్లో ఉన్నాక కిడ్నీకి ఇంకా కొత్తేమిటి? అందులోనూ తోడబుట్టినదానిది. వేళ్లు కుదుటపడ్డాయి. కాజాలు మళ్లీ అచ్చు గుద్దినట్టు వచ్చాయి.

మూడు నెలలకు రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది.

"మాత్రలు మానేశారా?"

"రాత్రివి వేసుకుంటున్నానండి. పొద్దుటిది వేసుకుంటే వేళ్లు వణుకుతున్నాయి."

"ఒంట్లో కాపలా కణాలుంటాయమ్మా. సొంత ఒంటి మీద పడకుండా వాటిని వెనక్కి లాగే కణాలూ ఉంటాయి. మీ అక్కగారి కిడ్నీ జోలికి పోకుండా ఆపాలంటే ఆ బలం చాలదు. ఆ పని మాత్ర చేస్తోంది."

"ఆరేళ్లయినా గుర్తుపట్టవా అండీ?"

"గుర్తుపడతాయి. పరాయిదని బాగా గుర్తుపెట్టుకుంటాయి. వణుకని చెబితే మందు మార్చేదాన్ని కదా?"

ఆమెకు ఆ సంగతి తట్టనే లేదు. ఎవరికైనా ఏదైనా చెప్పుకోవడం ఎప్పుడో అలవాటు తప్పింది.

వెంటనే ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఇంజెక్షన్లకు కిడ్నీ నిలబడవచ్చు, నిలబడకపోవచ్చు అన్నారు. ఆ మధ్యాహ్నం మంచం మీద నుంచి అక్కకు ఫోను చేసింది.

"ఏమేవ్, ఇవాళ ఆదివారం కాదుగా. నా కిడ్నీ ఏమంటోంది?"

బాగుందే అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, మాత్ర సంగతి మొత్తం చెప్పింది.

"నాకున్నదీ ఒక్కటేనే ఇప్పుడు," అంది అక్క. కోపంగా కాదు, లెక్క చూసుకుంటున్నట్టుగా.

"తెలుసక్కా."

ఇద్దరిలో ఎవరూ పెట్టేస్తానని అనలేదు. అక్కవాళ్లింట్లో ఎవరో కుళాయి తిప్పారు. గిన్నెలో నీళ్లు నిండుతున్న చప్పుడు వింటూ, ఆమె ఫోనును చెవికి ఇంకాస్త నొక్కుకుంది.